హోమ్‌స్కూలింగ్ సదస్సుకు వెళ్తున్నారా? ముందే ఏం తేల్చుకోవాలి, అక్కడ ఎవరిని ఏం అడగాలి

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలనుకునే తల్లిదండ్రులకు మన దేశంలో దారి చూపే ప్రత్యేక ప్రభుత్వ కార్యాలయం లేదు. పేరు నమోదు చేసుకునే విధానమూ లేదు. మండల విద్యాధికారిని అడిగితే దగ్గర్లోని బడిలో చేర్చమంటారు. స్కూల్లో అడిగితే టీసీ ఎందుకు తీసుకుంటున్నారని ఎదురు ప్రశ్న వేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల భవిష్యత్తు ఏమవుతుందని కంగారుపడతారు.

అందుకే ఇంటి చదువు చదివించే కుటుంబాలు ఒకచోట కలిసే సదస్సులకు అంత గిరాకీ. ఏ పుస్తకంలోనూ దొరకని సమాధానాలు అక్కడి మనుషుల దగ్గర దొరుకుతాయి. అయితే ముందు సిద్ధం కాకుండా వెళ్తే మిగిలేవి రెండే: నాలుగు రోజులు నిలిచే ఉత్సాహం, అటకెక్కే పుస్తకాల సెట్టు. పిల్లల చదువు గురించి ఇంత పెద్ద నిర్ణయాన్ని ఉత్సాహం మీద తీసుకోకూడదు. సదస్సు నుంచి తెచ్చుకోవాల్సినవి మూడు: సర్టిఫికెట్ దారి మీద స్పష్టత, చట్టం మీద అవగాహన, అవసరమైనప్పుడు ఫోన్ చేయగల రెండు మూడు కుటుంబాల పరిచయం.

ఈ సదస్సులు ఎలా ఉంటాయి

హోమ్‌స్కూలింగ్ సదస్సు అనగానే గుర్తొచ్చేది అమెరికా. అక్కడ వసంతకాలం నుంచి వేసవి దాకా పెద్ద కన్వెన్షన్ సెంటర్లలో ఇవి జరుగుతాయి. ఒకవైపు ప్రసంగాలు, మరోవైపు పుస్తక ప్రచురణకర్తల స్టాళ్లు. ప్రవేశానికి టికెట్ ఉంటుంది. వచ్చే ఏడాది సిలబస్‌ను అక్కడే చూసి కొనుక్కోవడం చాలా కుటుంబాలకు అలవాటు.

మన దేశంలో పద్ధతి వేరు. ఉదయ్‌పూర్‌లోని శిక్షాంతర్ సంస్థ చొరవతో మొదలైన లెర్నింగ్ సొసైటీస్ అన్‌కాన్ఫరెన్స్ లాంటి చోట్ల కుటుంబాలు కొన్ని రోజులు కలిసే ఉంటాయి. ముందుగా ఖరారైన ప్రసంగాల జాబితా ఉండదు. స్వశిక్షణ్ అనే భారతీయ హోమ్‌స్కూలర్ల సంఘం కూడా కుటుంబాలను కలిపే సమావేశాలు పెడుతోంది. ఇవి కాక హైదరాబాద్, బెంగళూరు, పుణె, ముంబై లాంటి నగరాల్లో పార్కుల్లో, ఇళ్లలో చిన్న కలయికలు జరుగుతుంటాయి. మొదటిసారి వెళ్లేవారికి ఈ చిన్న కలయికలే ఎక్కువ ఉపయోగపడతాయి. పది కుటుంబాలున్న చోట అడగలేని ప్రశ్నంటూ ఉండదు.

బయల్దేరే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

మొదటిది, అసలు ఎందుకు వెళ్తున్నారన్నది. బడిలో ఇబ్బంది పడుతున్న బిడ్డను బయటికి తీయాలని వెళ్లేవారు ఒక రకం. బదిలీల వల్ల బడులు మార్చలేక వెళ్లేవారు ఇంకో రకం. ఆటలోనో సంగీతంలోనో ఎక్కువ సమయం కావాల్సిన పిల్లల తల్లిదండ్రులు మరో రకం. నేర్చుకోవడంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కుటుంబాలూ వస్తాయి. ఎవరి ప్రశ్నలు వారివి. కారణాన్ని ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకుంటే అక్కడ ఎవరిని కలవాలో తెలుస్తుంది. సమస్య ఆ ఒక్క బడితోనా, బడి చదువుతోనేనా అన్నది కూడా ఈ వాక్యం రాసేటప్పుడే తేలుతుంది. ఒక్క బడితోనే అయితే బడి మారిస్తే సరిపోవచ్చు.

రెండోది, ఎవరెవరు వెళ్లాలి. చాలా ఇళ్లలో తల్లి ఒక్కతే వెళ్లి, తిరిగొచ్చాక భర్తకు, అత్తమామలకు అంతా వివరించాల్సి వస్తుంది. విన్నవారికి, చూసినవారికి తేడా ఉంటుంది. వీలైతే భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. అనుమానం ఎక్కువగా ఉన్న తాతయ్యనో అమ్మమ్మనో వెంట తీసుకెళ్లడం ఇంకా మంచిది. పదహారేళ్ల హోమ్‌స్కూల్ పిల్లాడితో పావుగంట మాట్లాడితే పెద్దవాళ్ల భయం తగ్గొచ్చు, లేదా సరైన భయమేదో బయటపడొచ్చు. రెండూ పనికొచ్చేవే.

మూడోది, డబ్బు లెక్క. ఇంటి చదువు చవకని చెప్పేవారు స్కూలు ఫీజు మిగలడాన్నే చూస్తారు. ఒకరు ఉద్యోగం మానేస్తే పోయే జీతం, పరీక్షల ఫీజులు, క్లాసులు, ప్రయాణాలు కూడా లెక్కలో ఉండాలి. ఈ నెలసరి లెక్క వేసుకుని వెళ్తే, అక్కడి కుటుంబాల అసలు ఖర్చుతో పోల్చుకోవచ్చు.

నాలుగోది, బిడ్డ మాట. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలను అడగకుండా సదస్సుకు తీసుకెళ్లడం, వాళ్ల గురించి వాళ్ల ముందే నలుగురితో చర్చించడం సరికాదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఇంకా ఏదీ నిర్ణయం కాలేదన్న సంగతీ వాళ్లకు ముందే చెప్పాలి.

చట్టం ఏమంటోంది

సదస్సుల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. సమాధానాలు రకరకాలుగా వస్తాయి కాబట్టి అసలు చట్టంలో ఉన్నది ముందే తెలిసుండటం మేలు.

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కయింది. దాన్ని అమలు చేసే విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇందులో పదో సెక్షన్ ప్రకారం పిల్లల్ని సమీపంలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. కానీ ఆ విధిని పాటించని తల్లిదండ్రులకు శిక్ష ఏమిటో చట్టం చెప్పలేదు. ఇంటి చదువును గుర్తిస్తున్నట్టు గానీ, నిషేధిస్తున్నట్టు గానీ అందులో ఎక్కడా లేదు. కాబట్టి "పూర్తిగా చట్టబద్ధం" అన్న మాటా, "నేరం" అన్న మాటా రెండూ అతిశయోక్తులే.

ఇదే చట్టంలో తల్లిదండ్రులకు పనికొచ్చే నిబంధన ఒకటుంది. నాలుగో సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటాక బడిలో లేని పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. మిగతావారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు కూడా ఆ పిల్లలకు ఉంటుంది. అంటే ఏడాది ప్రయత్నించి కుదరకపోతే బడికి తిరిగి వెళ్లే దారి చట్టంలో ఉంది. ఆచరణలో ప్రైవేటు బడులు టీసీ, యూడైస్‌లో నమోదైన శాశ్వత విద్యా సంఖ్య లాంటివి అడుగుతుంటాయి. అందుకే బడి మానిపించేటప్పుడు టీసీ, మార్కుల రికార్డు, పుట్టిన తేదీ పత్రం భద్రం చేసుకోవాలి. తిరిగి బడిలో చేర్చిన కుటుంబం సదస్సులో కనిపిస్తే ఈ పని ఎలా జరిగిందో వివరంగా అడగాలి.

ఇంకో జాగ్రత్త. కొన్ని కుటుంబాలు కలిసి ఒకచోట పిల్లలకు చదువు చెప్పించే కేంద్రాలు నడుపుతుంటాయి. గుర్తింపు లేకుండా బడి నడిపితే విద్యా హక్కు చట్టం 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఉల్లంఘన కొనసాగితే రోజుకు పదివేల రూపాయలు పడొచ్చు. అలాంటి కేంద్రంలో చేరమని సదస్సులో ఎవరైనా ఆహ్వానిస్తే అది ఏ పేరుతో, ఏ హోదాలో నడుస్తోందో, పిల్లల పేర్లు ఎక్కడ నమోదవుతున్నాయో అడగడం తప్పనిసరి.

పదో తరగతి సర్టిఫికెట్ ఎలా

ఇంటి చదువులో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. మన దగ్గర ప్రధానంగా మూడు దారులున్నాయి.

జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, చాలామంది ఎంచుకునే దారి. పదో తరగతికి సమానమైన సెకండరీ కోర్సులో చేరడానికి పద్నాలుగేళ్లు నిండాలి. ఇంటర్‌కు సమానమైన సీనియర్ సెకండరీకి పదిహేనేళ్లు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. ఏటా ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్‌లలో రెండుసార్లు పబ్లిక్ పరీక్షలుంటాయి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, ఒక్కసారే రాయాలన్న నిబంధన లేదు. సెకండరీని తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. చిన్న తరగతులకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిలున్నాయి.

రెండో దారి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఓపెన్ స్కూల్ సొసైటీలు. మూడోది కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ లాంటి అంతర్జాతీయ పరీక్షలను ప్రైవేటు అభ్యర్థిగా రాయడం. ఇందులో ఖర్చు ఎక్కువ. అన్ని పరీక్ష కేంద్రాలూ బయటి అభ్యర్థులను తీసుకోవు. ల్యాబ్ అవసరమైన సబ్జెక్టులకు కేంద్రం దొరకడం ఇంకా కష్టం. మీ నగరంలో ఏ కేంద్రం తీసుకుంటోందో చెప్పగలిగేది నిరుడు రాసిన పిల్లల తల్లిదండ్రులే. సదస్సులో వెతకాల్సింది వారినే.

సబ్జెక్టుల ఎంపిక దగ్గర చాలామంది పొరబడతారు. ఎన్‌ఐఓఎస్ సెకండరీలో గణితం తప్పనిసరి కాదు. లెక్కలంటే భయపడే పిల్లలకు అది ఊరటే. కానీ పాలిసెట్‌తో పాలిటెక్నిక్‌లో చేరాలంటే పదిలో గణితం ఉండాలి. పద్నాలుగేళ్లకు వదిలేసిన సబ్జెక్టు పదహారేళ్లకు అడ్డొస్తుంది. జేఈఈ మెయిన్‌కు కనీసం ఐదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ చేసినవారు అర్హులే. నీట్ విషయంలో ఓపెన్ స్కూల్ విద్యార్థులను దూరం పెట్టిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కొనసాగిన వివాదం 2024లో సుప్రీంకోర్టులో ముగిసింది. ఇలాంటి మార్పులు తరచూ వస్తాయి కాబట్టి సదస్సులో విన్న మాటను ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్‌తో సరిచూసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో స్థానికత

ఉత్తరాదిలోనో బెంగళూరులోనో జరిగే సదస్సుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకు ఆ అవసరం లేదు. తెలుగు రాష్ట్రాల్లో వృత్తి విద్యా కోర్సుల ప్రవేశాల్లో స్థానిక కోటా ఉంది. దీనికి మూలం 371డి అధికరణం కింద వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. ఆ నాలుగేళ్లలో కొంతకాలమైనా ఏ విద్యాసంస్థలోనూ చదవనివారికి మాత్రం నివాసమే కొలమానం.

ఇంటి దగ్గర చదివిన పిల్లలు సాధారణంగా ఈ రెండో కోవలోకి వస్తారు. మిగతావారు స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తే, వీరు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపించాలి. మధ్యలో రెండేళ్లు వేరే రాష్ట్రంలో ఉంటే చిక్కే. అందుకే హోమ్‌స్కూలింగ్ చేసి ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దాకా వెళ్లిన తెలుగు కుటుంబం సదస్సులో ఒక్కటున్నా, వారిని కలవకుండా తిరిగి రాకూడదు.

అక్కడ రోజు ఎలా గడపాలి

అన్‌కాన్ఫరెన్స్ తరహా సదస్సుల వెనుక ఉన్నది ఓపెన్ స్పేస్ అనే పద్ధతి. 1980లలో హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఉదయం ఖాళీ పట్టిక ఒకటి గోడ మీద పెడతారు. ఎవరైనా లేచి తమ అంశాన్ని, సమయాన్ని అందులో రాయొచ్చు. రెండు కాళ్ల నియమం అని ఒకటుంటుంది: కూర్చున్న చోట నేర్చుకునేదీ, నేర్పేదీ లేకపోతే లేచి వేరే చోటుకు వెళ్లిపోవచ్చు. అది మర్యాద తప్పడం కాదు.

మొదటిసారి వచ్చినవారు మొహమాటపడి కూర్చున్న చోటే కూర్చుంటారు. ఆ అవసరం లేదు. మీ ప్రశ్ననే అంశంగా పట్టికలో రాయండి. "తెలుగు మాధ్యమం నుంచి ఎన్‌ఐఓఎస్" అని రాస్తే ముగ్గురే రావచ్చు, కానీ మీకు కావాల్సింది ఆ ముగ్గురే.

ప్రసంగాలుండే సదస్సుల్లో మాత్రం కార్యక్రమ పట్టికను ముందే చూసి రోజుకు రెండు మూడు ఎంచుకుంటే చాలు. అన్నిటికీ పరిగెత్తితే భోజనాల దగ్గర మాట్లాడే ఓపిక మిగలదు. అసలు విషయాలు బయటికొచ్చేది భోజనాల దగ్గరే. పిల్లలతో వెళ్తే వాళ్లు ఆడుకునే చోటు, తిండి, నిద్ర వేళలు ముందే కనుక్కోవాలి. అక్కడి పెద్ద పిల్లలను గమనించడమూ పనే. వాళ్లు చిన్న పిల్లలతో ఎలా ఉంటున్నారు, తెలియనిదాన్ని తెలియదని చెబుతున్నారా, రోజంతా ఏం చేస్తారని అడిగితే వాళ్ల మాటల్లోనే చెప్పగలుగుతున్నారా అన్నది చూడాలి.

ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి

సదస్సుకు వచ్చేవారిలో ఎక్కువమంది ఇంటి చదువు కుదిరినవాళ్లు. కుదరక బడికి తిరిగి పంపినవాళ్లు సాధారణంగా రారు. కాబట్టి అక్కడ వినపడే కథలన్నీ ఒకవైపువే. ఇందులో ఎవరి మోసమూ లేదు, గుంపు స్వభావమే అది. ఐఐటీలోనో విదేశీ విశ్వవిద్యాలయంలోనో చేరిన ఒక పిల్లాడి ఉదాహరణ పదేపదే వినిపిస్తుంది. అలాంటి బిడ్డ ఎక్కడున్నా చదువుకునేవాడేమో అన్న ప్రశ్న వేసుకోవాలి.

కొన్ని ప్రశ్నలు ఈ లోటు తీరుస్తాయి. మీకు తెలిసినవాళ్లలో మానేసిన కుటుంబాలున్నాయా, ఎందుకు మానేశారు? ఏ ఏడాది అన్నిటికన్నా కష్టమైంది? మీ ఇంట్లో ఉద్యోగం మానేసింది ఎవరు, ఇప్పుడు తిరిగి చేరాలనుకుంటే కుదురుతుందా? పిల్లలకు వారంలో ఎంతమంది స్నేహితులు కలుస్తారు? మళ్లీ మొదలుపెడితే ఏది చేయరు?

ఉద్యోగం ప్రశ్నను తండ్రులను కూడా అడగాలి. "మేం హోమ్‌స్కూలింగ్ చేస్తున్నాం" అని ఇద్దరూ చెప్పే చాలా ఇళ్లలో రోజంతా పిల్లల వెంట ఉండేది తల్లే. ఆ బరువు గురించి ముందే మాట్లాడుకోని ఇళ్లలో ఏడాది తిరిగేసరికి అలసట మొదలవుతుంది.

స్టాళ్ల దగ్గర

సదస్సుల్లో సిలబస్ కిట్లు, ఆన్‌లైన్ క్లాసులు, బోధన సామగ్రి అమ్ముతారు. అక్కడ తగ్గింపు ధర అంటారు. మొదటిసారి వెళ్లినవారికి మంచి నియమం ఒక్కటే: ఆ రోజు ఏడాది చందా కట్టకండి. నమూనా పాఠం తీసుకుని ఇంట్లో వారం రోజులు పిల్లలతో చేసి చూసి, అప్పుడు కొనండి. బడి నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలకు కొన్నాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం కావాలని అనుభవమున్నవారు చెబుతారు. ఆ రోజుల కోసం కిట్లు కొనడం వృథా. ఎన్‌సీఈఆర్‌టీ, ఎన్‌ఐఓఎస్ పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ముందు అవి చూడొచ్చు. తల్లిదండ్రులు చదువుకోవాలనుకుంటే తెలుగులో చలం రాసిన 'బిడ్డల శిక్షణ' ఉంది. కిట్ల ధరతో పోలిస్తే ఇలాంటి పుస్తకాల ఖర్చు చాలా తక్కువ.

"ఈ కోర్సుకు గుర్తింపు ఉంది" అనే స్టాల్‌లో ఒక్క ప్రశ్న చాలు: పదో తరగతి సర్టిఫికెట్ మీద ఏ బోర్డు పేరు ఉంటుంది? సమాధానంలో బోర్డు పేరు కాకుండా కంపెనీ పేరు వినిపిస్తే అక్కడి నుంచి కదలడం మంచిది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు

అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే, కానీ నిబంధనలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగానే చూస్తారు, 1994లో అక్కడి సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. న్యూయార్క్‌లో ఏటా ముందుగా తెలియజేయాలి, బోధన ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. డల్లాస్‌లోని స్నేహితురాలి సలహా న్యూజెర్సీలో పనికిరాకపోవచ్చు. ఉంటున్న రాష్ట్రంలో జరిగే సదస్సును ఎంచుకోవడం అందుకే మేలు.

అక్కడి పెద్ద సదస్సుల్లో చాలావాటిని క్రైస్తవ సంస్థలు నడుపుతాయి. అబెకా, బీజేయూ ప్రెస్, అపోలోజియా లాంటి పేరున్న ప్రచురణల సైన్సు పుస్తకాలు బైబిల్ సృష్టి కథనం ఆధారంగా ఉంటాయి. అది ఆ కుటుంబాల ఎంపిక. వేరే నమ్మకాలున్నవారు పుస్తకాన్ని తెరిచి జీవపరిణామం, భూమి వయసు గురించిన పాఠాలు చదివి చూశాకే కొనాలి.

వీసా ముగిసో, సొంత నిర్ణయంతోనో భారత్‌కు తిరిగి వచ్చే అవకాశముంటే ఇంకో సంగతి. అమెరికాలో చాలాచోట్ల తల్లిదండ్రులే ట్రాన్స్‌క్రిప్ట్ రాసి డిప్లొమా ఇవ్వొచ్చు. ఇక్కడి కాలేజీలు బోర్డు సర్టిఫికెట్ అడుగుతాయి. పిల్లలు తొమ్మిదో తరగతి వయసుకు రాకముందే దీని గురించి ఆలోచించుకోవాలి.

తిరిగొచ్చాక

మొదటి వారంలోనే రాసుకున్న నోట్సు తీసి మూడు భాగాలు చేయాలి: నిజమని సరిచూసుకున్నవి, సరిచూసుకోవాల్సినవి, వదిలేయాల్సినవి. పరిచయమైన కుటుంబాలకు అదే వారంలో ఫోన్ చేయాలి. నెల దాటితే ఆ పరిచయం నిలవదు. వీలైతే వారి ఇంటికి ఒక మామూలు మంగళవారం వెళ్లి చూడాలి. సదస్సులో పండగ వాతావరణం ఉంటుంది. ఇంటి చదువు ఎలా సాగుతుందో తెలిసేది గిన్నెలు, లెక్కలు, అలకలు అన్నీ కలిసుండే ఆ మామూలు రోజున.

నిర్ణయం వెంటనే తీసుకోనక్కర్లేదు. వేసవి సెలవుల్లో రెండు నెలలు ప్రయత్నించి చూడొచ్చు. తీసుకుంటే మాత్రం ఎప్పుడు, ఏ ప్రశ్నలతో దాన్ని తిరిగి పరిశీలించుకుంటారో ముందే తేదీ వేసుకోవాలి. పద్నాలుగేళ్ల లోపు బడికి తిరిగి వెళ్లే హక్కు పిల్లలకు చట్టమే ఇచ్చింది. ఆ వయసు దాటాక ఓపెన్ స్కూల్ ఉంది. ఈ రెండు సంగతులూ బిడ్డకు తెలిసుండాలి. బడికి వెళ్లాలనిపిస్తే ఆ మాట భయం లేకుండా చెప్పగలిగే ఇల్లు, ఇంటి చదువుకు సిద్ధంగా ఉన్నట్టే.